మోటారు సైకిల్ స్టీరియోకు ఐపాడ్ కలిపితే ఇంజనుతో పాటు కూత వినిపిస్తోంది: తప్పు కేబుల్‌దా, చార్జర్‌దా?

ప్రశ్న: ఆస్టిన్ రైడర్

అందరికీ నమస్కారం. నేను అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, ఆస్టిన్ నగరంలో ఉంటాను. నా దగ్గర 2009 నాటి హార్లే డేవిడ్‌సన్ స్ట్రీట్ గ్లైడ్ ఉంది. దాని ముందుభాగంలో కంపెనీవారే బిగించిన హర్మాన్ కార్డన్ రేడియో, దాని ముఖం మీద బయటి పరికరాలను కలుపుకునే 3.5 మి.మీ. ఆక్స్ రంధ్రం ఉన్నాయి. ఈ రంధ్రానికి నా ఐపాడ్ క్లాసిక్‌ను ఒక మామూలు కేబుల్‌తో కలిపి వింటున్నాను. ఫోను ఉండగా ఈ పాత పరికరం ఎందుకని మీరు అడగవచ్చు. మా నాన్నగారు 1980లలో తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో తాను చూసిన పద్యనాటకాలను క్యాసెట్లలోకి ఎక్కించి దాచుకున్నారు. ఆయన పోయిన తరువాత నేను వాటినన్నింటినీ కంప్యూటర్‌లోకి మార్చి ఈ ఐపాడ్‌లో పెట్టుకున్నాను. ఫోన్ కాల్స్, సందేశాలు అడ్డురాని ఒక పరికరంలో అవి విడిగా ఉండాలని నా కోరిక.

నాకు రెండు ఇబ్బందులు ఎదురవుతున్నాయి. మొదటిది, ఇంజను నడుస్తున్నంతసేపూ స్పీకర్లలో సన్నని ఈల లాంటి కూత ఒకటి వినిపిస్తోంది. యాక్సిలరేటర్ తిప్పిన కొద్దీ దాని స్థాయి పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. రేడియో స్టేషన్ పెట్టుకున్నప్పుడు ఈ శబ్దం అసలు ఉండదు కనుక రేడియోలో లోపం లేదని నాకు తెలుస్తూనే ఉంది. కేబుల్ మంచిది కాదేమోనని రెండుసార్లు మార్చి చూశాను, రెండోది కాస్త ఖరీదైనదే, అయినా తేడా రాలేదు. రెండవది, కొత్త సినిమా పాటలు బిగ్గరగానే వస్తున్నాయి గానీ, నాన్నగారి పద్యాలు మాత్రం రేడియో శబ్దాన్ని చివరిదాకా పెంచినా హైవే మీద వినపడడం లేదు. ముఖ్యంగా పద్యం చివర నటుడు రాగం తీసి మెల్లగా దించే చోట గాలి హోరు తప్ప మరేమీ మిగలడం లేదు.

మరొక్క వివరం. ఐపాడ్ బ్యాటరీ పాతబడి రెండు గంటలకు మించి నిలవడం లేదని, తెలిసినవారి చేత సీటు కింద ఉన్న బ్యాటరీ నుంచి నేరుగా తీగ లాగించి, హ్యాండిల్ దగ్గర ఒక యూఎస్‌బీ చార్జర్ బిగించుకున్నాను. ఐపాడ్ ఎప్పుడూ దానికే కలిపి ఉంటుంది. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం: కోఠి రేడియో

నమస్కారమండీ. నేను హైదరాబాదులో ఇరవై ఏళ్ళకు పైగా ఆంప్లిఫయర్లు, కారు స్టీరియోలు బాగుచేస్తున్నాను. మీ బండి మా దగ్గరికి ఎన్నడూ రాలేదు గానీ, మీరు చెప్పిన కూత మాత్రం మాకు చాలా పాత పరిచయం. ఇంజను వేగంతో పాటు స్థాయి మారుతోందన్న మీ ఒక్క మాటతోనే సగం సంగతి తేలిపోయింది. దయచేసి మూడో కేబుల్ కొనకండి.

బండిలోని ఆల్టర్నేటర్ తయారుచేసే కరెంటును రెక్టిఫయర్ సరిచేసి బ్యాటరీకి పంపుతుంది, అయితే ఆ సరిచేసిన కరెంటులో కూడా కొద్దిపాటి అలలు మిగిలిపోతాయి. ఇంజను ఎంత వేగంగా తిరిగితే ఆ అలలు అంత దగ్గరదగ్గరగా వస్తాయి కనుక చెవికి అంత సన్నని కూతగా వినిపిస్తాయి. మామూలుగా ఇవి స్పీకర్ దాకా రావు. మీ విషయంలో అవి లోపలికి రావడానికి ఒక దారి ఏర్పడింది, ఆ దారి ఎర్త్ తీగ, అంటే కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి వెళ్ళే తీగ. మీ ఐపాడ్ బండి ఎర్త్‌కు రెండు వేరువేరు చోట్ల కలుస్తోంది. ఆక్స్ కేబుల్‌లో లోపలి తీగల చుట్టూ అల్లిన సన్నని లోహపు జాలీ ద్వారా రేడియో ఎర్త్‌కు కలుస్తుంది, ఇది ఒకటి. చార్జర్ ద్వారా సీటు కింద బ్యాటరీ నెగెటివ్‌కు కలుస్తుంది, ఇది రెండవది. ఈ రెండు చోట్ల మధ్య పొడవైన తీగలు, కొన్ని జాయింట్లు ఉన్నాయి, వాటిలో కరెంటు పారుతున్నప్పుడు ఒక చివరకూ మరో చివరకూ మధ్య అతి చిన్న వోల్టేజి తేడా పుడుతుంది. ఆ తేడా మీ ఆక్స్ కేబుల్ జాలీ గుండా పారి, పాటతో కలిసిపోయి రేడియోలోకి వెళుతోంది. పాట సంకేతం ఒక వోల్టు కూడా లేనంత బలహీనమైనది, కాబట్టి దాని పక్కన కొన్ని మిల్లీవోల్టుల చెత్త చేరినా మన చెవి పట్టేస్తుంది. మా పనిలో దీన్ని గ్రౌండ్ లూప్ అంటాం.

నా మాట నమ్మవలసిన అవసరం లేదు, పైసా ఖర్చు లేకుండా మీరే తేల్చుకోవచ్చు. ఇంజను నడుస్తుండగా, పద్యం ఆపి ఉంచి, శబ్దం బాగా పెంచి కూత వినండి. వింటూ ఉండగానే ఐపాడ్ నుంచి చార్జర్ తీగ మాత్రం ఊడదీయండి, ఆక్స్ కేబుల్‌ను కదపవద్దు. ఆ క్షణంలోనే కూత ఆగిపోతే లూప్ నిజం. ఆగకపోతే ఆక్స్ కేబుల్ పోతున్న దారి, రేడియో ఎర్త్ జాయింటు చూడవలసి ఉంటుంది. ఫలితం ఇక్కడ రాయండి, తరువాతి మాట అప్పుడు చెబుతాను.

సమాధానం: దూరప్రయాణి

నేను న్యూజెర్సీలో ఉంటాను, ఏటా వేసవిలో రెండు మూడు వేల మైళ్ళు తిరుగుతాను. తీగల గొడవ ఎందుకండీ అన్నది నా అభిప్రాయం. ఆక్స్ రంధ్రంలో పెట్టే చిన్న బ్లూటూత్ రిసీవర్లు ఇప్పుడు చవకగా దొరుకుతున్నాయి, దాన్ని రేడియోకు కలిపి ఫోను జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. 2014 నమూనాలతో హార్లేవారు తెచ్చిన కొత్త ఆడియో వ్యవస్థలోనే బ్లూటూత్ ఉంది, మీ పాత రేడియోకు ఈ రిసీవర్ ఆ లోటు తీరుస్తుంది.

తీగతోనే వినాలని మీ పట్టుదల అయితే, తీగ పోయే దారి గురించి ఒక్క మాట చెప్పాలి. మీ బండికి ముందున్న పెద్ద ఫెయిరింగు, అంటే గాలిని అడ్డుకునే తొడుగు, ఫ్రేముకు కాక ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు బిగించి ఉంటుంది, అంటే రేడియో, స్పీకర్లు, హ్యాండిల్ అన్నీ కలిసే తిరుగుతాయి. కనుక ఐపాడ్‌ను ఫెయిరింగు లోపలి సంచిలో గానీ హ్యాండిల్ మీద గానీ పెట్టుకుంటే కేబుల్ ఎటూ లాగబడదు, జానెడు పొడవు చాలు. ట్యాంకు మీది సంచిలోనో వెనుక పెట్టెలోనో పెడితే మాత్రం కేబుల్ హ్యాండిల్ తిరిగే మెడ భాగాన్ని దాటాలి. పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూసి, రెండు వైపులా వదులు మిగిలేలా వదలాలి. నేను ఈ సంగతి పట్టించుకోక, పార్కింగులో యూ మలుపు తిప్పేటప్పుడు కేబుల్ బిగుసుకుని పిన్ను రంధ్రంలోనే విరిగింది. ఆ మొన బయటికి తీయడానికి రేడియో విప్పవలసి వచ్చింది. అప్పటి నుంచి మూల తిరిగిన పిన్ను ఉన్న కేబులే వాడుతున్నాను, దాన్ని రంధ్రానికి నాలుగు అంగుళాల దూరంలో ఒక చిన్న చుట్ట చుట్టి కట్టేస్తాను, లాగుడు ఏదైనా ఆ కట్టు మీద పడుతుంది గానీ పిన్ను మీద పడదు.

ప్రశ్నించినవారి జవాబు: ఆస్టిన్ రైడర్

కోఠి రేడియో గారూ, మీరు చెప్పినట్టే చేశాను. చార్జర్ తీగ ఊడిన క్షణంలోనే కూత మాయమైంది, మళ్ళీ పెట్టగానే తిరిగి వచ్చింది. నాలుగుసార్లు చేసి చూశాను. ఇన్ని నెలలుగా కేబుల్‌ను అనుమానించి, చార్జర్‌ను ఒక్కసారైనా తీసి చూడాలని నాకు తోచలేదు. ఇప్పుడు చార్జింగు లేకుండా వినాలా, లేక రెండూ కలిసి సాగే దారి ఏదైనా ఉందా? దూరప్రయాణి గారు చెప్పిన బ్లూటూత్ రిసీవర్ పెట్టుకుంటే ఈ లూప్ తెగుతుందా? కేబుల్ మెడ దాటే విషయం నాకు తెలియనే తెలియదు, నా ఐపాడ్ ట్యాంకు సంచిలోనే ఉంది, రేపే ముందుకు మారుస్తాను.

సమాధానం: కోఠి రేడియో

ముందు బ్లూటూత్ సంగతి. ఆ రిసీవర్ తన సొంత బ్యాటరీ మీద నడుస్తున్నంతసేపు లూప్ ఉండదు, ఎందుకంటే అది బండి ఎర్త్‌కు ఒక్కచోటే, ఆక్స్ ద్వారా మాత్రమే కలుస్తుంది. దాన్ని మీ చార్జర్‌కే కలిపి నడిపారంటే ఇప్పుడు ఐపాడ్ చేస్తున్న పనినే అది చేస్తుంది, కూత తిరిగి వస్తుంది. ఈ రిసీవర్ కొని, నెల తిరగకుండానే కూత వస్తోందని మా దగ్గరికి వచ్చేవారు చాలామంది. పైగా ఐపాడ్ క్లాసిక్‌లో బ్లూటూత్ లేదు కనుక దానికి మరో ట్రాన్స్‌మిటర్ తగిలించాలి, అంటే చార్జింగు చూసుకోవలసిన పరికరాలు ఒకటి కాక మూడవుతాయి. మీ కోరిక ఆ ఐపాడ్ మీదే కాబట్టి ఈ దారి మీకు నేను చెప్పను.

నా లెక్కలో మీకు అన్నిటికన్నా మంచిది పవర్ బ్యాంకు. ఐపాడ్ పక్కనే సంచిలో పవర్ బ్యాంకు పెట్టి దానితో చార్జింగు చేయండి. దానికి బండితో ఏ తీగ సంబంధమూ లేదు, కనుక రెండో ఎర్త్ దారి పుట్టదు, కూత రాదు. 10,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు ఐపాడ్‌ను ఎన్నోసార్లు నింపగలదు, ఒక రోజు ప్రయాణానికి అది మిగిలిపోతుంది కూడా. దీన్ని ఇంట్లో చార్జి చేసుకోవాలి. దారిలో పవర్ బ్యాంకును బండి చార్జర్‌కు తగిలిస్తే మళ్ళీ మొదటికే వస్తాం, అది మరచిపోవద్దు. కొన్ని పవర్ బ్యాంకులు అవతలి పరికరం కరెంటు తక్కువగా తీసుకుంటే పని అయిపోయిందనుకుని తమంతట తామే ఆగిపోతాయి. అలా జరిగితే తక్కువ కరెంటుకు ప్రత్యేకమైన అమరిక ఉన్నదాన్ని చూసి కొనండి.

బండి కరెంటుతోనే చార్జింగు జరగాలంటే రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, చార్జర్‌కు ప్లస్సు, ఎర్త్ రెండూ సీటు కింద నుంచి కాక ఫెయిరింగులో రేడియో ఎర్త్ తీసుకునే చోటి నుంచే తీసుకోవడం, మధ్యలో చిన్న ఫ్యూజు తప్పనిసరి. ఎర్త్ చోటు ఒక్కటే అయితే వోల్టేజి తేడా చాలావరకు తగ్గిపోతుంది. రెండవది, ఆక్స్ కేబుల్ మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టడం. మా గుజరాతీ గల్లీలో మాకు అడిగితే దొరుకుతుంది, మీకు అక్కడ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానిలో కుడి, ఎడమ చానెళ్ళకు ఒక్కొక్క చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, పాట అయస్కాంత క్షేత్రం మీదుగా అవతలికి దాటుతుంది గానీ ఎర్త్ తీగ అక్కడే తెగిపోతుంది. కూత నిజంగానే ఆగుతుంది, అయితే చవకవాటిలో ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము మరీ చిన్నది కావడం వల్ల మృదంగం, డోలు వంటి లోతైన ధ్వనులు పలచబడతాయి. హార్మోనియం, గొంతు మాత్రమే ఉండే మీ పద్యాలకు ఆ నష్టం అంతగా తెలియకపోవచ్చు, అయినా తీగలు మార్చగలిగినవారికి నేను ఐసొలేటర్‌ను చివరి మందుగానే చెబుతాను.

కొందరు చార్జర్ నెగెటివ్ తీగను కత్తిరించేస్తే లూప్ తెగుతుందని సలహా ఇస్తారు. అలా చేస్తే చార్జింగు కరెంటు వెనక్కి పోవడానికి ఆక్స్ కేబుల్ జాలీ ఒక్కటే దారి అవుతుంది. సన్నని జాలీ గుండా, రేడియో ఇన్‌పుట్ మీదుగా ఆ కరెంటు పారితే కూత పెరగడమే కాదు, రేడియో దెబ్బతినవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

ఇక శబ్దం తక్కువ అన్న మాట. ఐపాడ్ సెట్టింగుల్లో గరిష్ఠ శబ్దానికి హద్దు పెట్టే అమరిక ఒకటి ఉంటుంది, ఎవరైనా దాన్ని తగ్గించి ఉంచారేమో చూడండి. ఈక్వలైజరు కూడా ఆపేయండి, బాసు పెంచే అమరికలు గొంతును గరగరలాడిస్తాయి. ఇయర్‌ఫోను రంధ్రం నుంచి తీసుకుంటున్నట్టయితే ఐపాడ్ శబ్దాన్ని చివరి గీతకు కాస్త కింద నిలిపి, మిగతా హెచ్చుతగ్గులు రేడియో మీదే చేసుకోండి. అడుగున ఉన్న 30 పిన్నుల కనెక్టరు నుంచి లైన్ అవుట్ ఇచ్చే కేబుల్ దొరికితే ఇంకా మంచిది, ఆ సంకేతం శబ్దం మీటతో సంబంధం లేకుండా ఒకే స్థాయిలో శుభ్రంగా వస్తుంది. పిన్ను మీద రెండు నల్ల గీతలు ఉన్న మామూలు స్టీరియో కేబులే వాడండి. మూడు గీతలున్నవి మైకుతో కూడిన ఫోను ఇయర్‌ఫోన్ల కోసం చేసినవి, కొన్ని రంధ్రాల్లో వాటి ఎర్త్ సరిగా కూర్చోదు.

సమాధానం: పద్యాల పెట్టె

నేను విజయవాడలో ఉంటాను, పాత క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నాకు కాలక్షేపం అనే కన్నా వ్యసనం అనాలి. మీ నాన్నగారు చేసిన పని ఎంత విలువైనదో ముందుగా చెప్పనివ్వండి. పల్లె పందిళ్ళలో ఒక్క రాత్రి పాడి వెళ్ళిపోయిన ఎందరో నటుల గొంతులకు ఇటువంటి క్యాసెట్లు తప్ప మరో ఆనవాలు లేదు.

మీ రెండవ ఇబ్బందికి కారణం తీగల్లో లేదు, ఫైళ్ళలో ఉంది. కొత్త పాటలను తయారుచేసేవారే వాటిని బిగ్గరగా ఉండేలా పిండి పెడతారు. మీ క్యాసెట్లు దూరంగా కూర్చున్న ప్రేక్షకుడి చేతిలోని టేపు రికార్డరుతో తీసినవి కాబట్టి వాటి స్థాయి చాలా తక్కువ. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, ముందుగా 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్న గుడగుడను తీసేయండి. అందులో మీకు కావలసిన గొంతు ఏమీ లేదు, స్పీకర్లకు అనవసరపు శ్రమ మాత్రమే ఉంది. తరువాత కంప్రెసర్ అనే పనిముట్టుతో బిగ్గరగా ఉన్న చోట్లను కొద్దిగా అణచి, ఆపైన మొత్తం స్థాయిని మైనస్ 1 డెసిబెల్ దాకా పెంచండి. ఈ వరుస తప్పకూడదు. కేవలం స్థాయి మాత్రమే పెంచితే, పద్యం ఎత్తుగడలోని ఒక్క గట్టి చప్పట్ల మోత గరిష్ఠాన్ని తాకగానే పెంపు అక్కడ ఆగిపోతుంది, చివరి రాగం ఎప్పటిలాగే అడుగున ఉండిపోతుంది.

అయితే ఈ మార్పంతా బండి కోసం తీసిన నకలు మీద మాత్రమే చేయండి. పద్యనాటకంలో రాగం దించడమంటే నటుడు ఊపిరిని కొలిచి ఖర్చుపెట్టడం, ఆ హెచ్చుతగ్గులే దాని ప్రాణం. హైవే మీద గాలి హోరును దాటడానికి వాటిని చదును చేయక తప్పదు గానీ, ఇంట్లో నిశ్శబ్దంలో వినడానికి అసలు ఫైలు అలాగే ఉండాలి. అసలు ఫైళ్ళను వేవ్ రూపంలో రెండు వేరువేరు డిస్కుల మీద దాచండి, బండి నకలును ఎంపీ3గా చేసుకోండి. నాణ్యత తగ్గకుండా ఫైలును చిన్నది చేసే ఎఫ్‌ఎల్‌ఏసీ రూపాన్ని ఐపాడ్ చదవదు.

ఆ డిస్కు మాట ఎందుకంటే, ఐపాడ్ క్లాసిక్ లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్కు. అది పాటను కొంతకొంతగా మెమరీలోకి తెచ్చుకుని ఆగిపోతుంది కనుక ప్రతి క్షణం తిరగదు, నిజమే. కానీ తిరిగే ఆ కాసేపట్లో బండి గట్టిగా అదిరితే దెబ్బ తగలవచ్చు. మీ బండిలో ఉన్నది 1,584 సీసీల రెండు సిలిండర్ల ఇంజను, బండి కదలకుండా ఇంజను మాత్రం నడుస్తున్నప్పుడే దాని అదురు ఎక్కువ. ఐపాడ్‌ను హ్యాండిల్‌కు గట్టి క్లాంపుతో బిగించకుండా, సంచిలో మెత్తని ఫోము మధ్య పెట్టండి. ఎండ కూడా చూసుకోండి. ఆపిల్‌వారు దీన్ని వాడేచోటి వేడి 35 డిగ్రీలు దాటకూడదని, వాడకుండా ఉంచినా 45 డిగ్రీలు మించకూడదని చెప్పారు. టెక్సాస్ వేసవిలో ఆగి ఉన్న బండి సంచిలో ఆ హద్దు తేలికగా దాటిపోతుంది, దిగినప్పుడల్లా వెంట తీసుకువెళ్ళండి. 2014లోనే దీని తయారీ ఆగిపోయింది కనుక, ఆ డిస్కు పోయేలోగా దాన్ని తీసి మెమరీ కార్డులు పట్టే బోర్డును అమర్చించుకుంటే అదురు భయం ఉండదు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

ప్రశ్నించినవారి జవాబు: ఆస్టిన్ రైడర్

మూడు వారాల తరువాత రాస్తున్నాను. హ్యాండిల్ దగ్గరి చార్జర్‌ను ఫోను కోసం అలాగే ఉంచి, ఐపాడ్‌కు పవర్ బ్యాంకు పెట్టాను. మొదట కొన్నది పది నిమిషాలకోసారి ఆగిపోయింది, కోఠి రేడియో గారు ముందే హెచ్చరించారు కాబట్టి కంగారు పడకుండా మార్చుకున్నాను. కూత పూర్తిగా పోయింది. శబ్దానికి హద్దు పెట్టే అమరిక నిజంగానే సగానికి దించి ఉంది, మా అబ్బాయి చిన్నప్పుడు ఇయర్‌ఫోనుతో వినేవాడు, వాడి చెవుల కోసం నేనే దించి మరచిపోయాను. 30 పిన్నుల లైన్ అవుట్ కేబుల్ తెప్పించుకున్నాను. ఐపాడ్, పవర్ బ్యాంకు రెండూ ఇప్పుడు ఫెయిరింగు సంచిలో ఫోము మధ్య ఉన్నాయి, హ్యాండిల్ ఎటు తిప్పినా ఏ తీగా లాగబడడం లేదు.

ఫైళ్ళ పని మాత్రం ఇంకా సాగుతోంది. మొత్తం నలభై ఒక్క క్యాసెట్లు ఉన్నాయి, ఇప్పటికి ఆరింటికి బండి నకళ్ళు తీశాను. పద్యాల పెట్టె గారూ, మీరు చెప్పిన వరుసలోనే చేశాను. నిన్న ఆదివారం తెల్లవారుజామున ఆస్టిన్ నుంచి 290వ నంబరు హైవే మీద ఫ్రెడెరిక్స్‌బర్గ్ దాకా వెళ్ళి వచ్చాను. గంటకు 60 మైళ్ళ వేగంలో పద్యం చివరి రాగం స్పష్టంగా వినిపించింది. ఆ రాగం ముగిసిన చోట, చప్పట్ల కన్నా ముందు, రికార్డరుకు బాగా దగ్గరగా నాన్నగారు "ఆహా" అనడం కూడా వినిపించింది. క్యాసెట్‌లో అది ఉందని నాకు ఇన్నేళ్ళుగా తెలియదు. మిగిలిన ముప్పై అయిదు క్యాసెట్లలో గుడగుడ తీసేటప్పుడు ఆ గొంతు పోకుండా 80 హెర్ట్జ్ బదులు 60 దగ్గర ఆపితే మంచిదా అన్నది నా తరువాతి ప్రశ్న.

సమాధానం: పద్యాల పెట్టె

మగవారి మాట గొంతు సాధారణంగా 85 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, కనుక 80 దగ్గర కోసినా మాట పోదు, కాస్త బరువు తగ్గినట్టు అనిపించవచ్చు అంతే. మీకు సందేహంగా ఉంటే ఆ "ఆహా" ఉన్న పది సెకన్లను విడిగా తీసి, 60, 80 రెండింటితోనూ చేసి బండి మీద విని చూడండి, మీ చెవికి నచ్చినదే మిగతా వాటికీ పెట్టండి. మీకు అభ్యంతరం లేకపోతే, నాటకాల వివరాలను ఏ క్యాసెట్‌కు ఆ క్యాసెట్ మీద ఉన్నట్టుగానే ఒక పట్టికలో రాసి పెట్టుకోండి, అట్టల మీది సిరా త్వరగా వెలిసిపోతుంది.